బోన్ స్కాన్‌లో నల్ల మచ్చలన్నీ క్యాన్సర్ కావు

సంపాదకుల వారికి,

డెబ్బై ఒకటో ఏట మా నాన్నగారికి ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. ప్రొస్టేట్ జబ్బును సూచించే రక్తపరీక్ష పీఎస్‌ఏ ఎక్కువగా, 28 ఉండటంతో, జబ్బు ఎముకలకు పాకిందేమో చూడాలని బోన్ స్కాన్ రాశారు. ఉదయం చేతి నరానికి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు ఎక్కించి, మూడు గంటలపాటు నీళ్లు బాగా తాగించి, మూత్రానికి వెళ్లొచ్చాక బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి తల నుంచి పాదాల దాకా తీశారు. సాయంత్రం కవరు చేతికొచ్చింది. ఫిల్ములో ఎడమ పక్కటెముకల మీద వరుసగా రెండు, నడుము దగ్గర ఒకటి నల్ల మచ్చలు; కింద ఇంగ్లిషులో, క్యాన్సర్ పాకలేదని చెప్పలేమంటూ ఒక్క వాక్యం. దాని అర్థం విడమరిచి చెప్పేవారు అక్కడ లేరు. నాలుగు రోజులు మా అమ్మకు ముద్ద దిగలేదు.

ఐదో రోజు యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య ఎక్కడైనా పడ్డారా మాస్టారూ?" అని. ఐదు నెలల కిందట మోపెడ్ మీద నుంచి పడి, ఇంట్లో కంగారుపడతారని కాపడం పెట్టుకుని ఊరుకున్న సంగతి నాన్నగారు అప్పుడు చెప్పారు. సీటీ తీస్తే పక్కటెముకల్లో మానుతున్న విరుగుళ్లు, నడుములో అరుగుదల తేలాయి.

బోన్ స్కాన్‌కు ఎక్కించే ఈ మందు క్యాన్సర్‌ను వెతికి పట్టుకోదు. ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోటల్లా చేరుతుంది కాబట్టి, విరిగి అతుక్కుంటున్న ఎముకా, అరిగిన కీలూ, క్యాన్సర్ పాకిన వెన్నుపూసా ఫిల్ములో నల్లగానే కనిపిస్తాయి. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన, 302 మంది ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులపై జరిపిన ఆస్ట్రేలియా పరిశోధనలో, ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్‌ను పట్టి చూపే పీఎస్‌ఎంఏ పెట్ సీటీ స్కాన్ జబ్బు పాకిందీ లేనిదీ చెప్పడంలో కచ్చితత్వం 92 శాతం కాగా, బోన్ స్కాన్, సీటీ కలిపి 65 శాతమే. అయితే పెట్ సీటీ ఖర్చు అందరూ భరించగలిగేది కాదు. ఇక పీఎస్‌ఏ తక్కువగా ఉండి, బయాప్సీలో జబ్బు తీవ్రత కూడా తక్కువని తేలినవారికి సాధారణంగా బోన్ స్కానే అవసరం ఉండదు.

నడుంనొప్పిని వాతమని తోసేయమని నా ఉద్దేశం కాదు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవారికి నడుంనొప్పితో పాటు కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం బిగిసినా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి. క్యాన్సర్ వెన్నుపూసకు పాకి వెన్నుపాము నలిగిపోతే, పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

స్కానింగ్ కేంద్రాలవారికి నా విన్నపం ఒక్కటే. మందు ఎక్కించే ముందు, పడటం, ఎముకలు విరగటం, మోకాలి ఆపరేషన్, కీళ్లనొప్పుల గురించి తెలుగులో అడిగి రాసుకుని, ఆ కాగితాన్ని రిపోర్టు రాసే డాక్టరు ముందు ఉంచాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ