ఆఫీసుకి మీరు, ఇంట్లో ఏడుస్తూ కుక్క

ఎడిటర్ గారికి నమస్కారం,

బెంగళూరులో మారతహళ్లి వైపు మన తెలుగువాళ్లు చాలామంది వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కుక్కల్ని తెచ్చుకున్నారు, ఇప్పుడు ఆఫీసుకి రమ్మనేసరికి ఆ కుక్క ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండలేక ఏడుస్తుంది, తలుపు గీకుతుంది, ఆ టెన్షన్‌కి కొన్నిటికి విరేచనాలు కూడా పట్టుకుంటాయి. పక్కింటోళ్లేమో అసోసియేషన్ గ్రూపులో గోల. కొట్టకండి బాబూ, భయం ఇంకా పెరుగుద్ది. ముందు ఒక్క నిమిషం బయటికెళ్లి వచ్చేయండి, కుక్క కంగారు పడకపోతేనే టైమ్ పెంచుకుంటూ పోండి. విరేచనాలు పట్టుకుంటే కడుపుకి ఉప్పూకారం లేని మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్ కొంచెం కొంచెంగా, నీళ్లు ఎప్పుడూ దగ్గర్లో. పాలు వద్దు. మనం వేసుకునే ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ అస్సలు వద్దు, ప్రాణాల మీదకొస్తుంది. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, విరేచనాలు చిన్న కుక్కపిల్లకైనా (పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అయ్యుండొచ్చు) అదే రోజు డాక్టర్‌కి చూపించండి, హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది.

- ఒక పాఠకురాలు, బెంగళూరు