మూడో నెల చెకప్‌కు తిరిగొచ్చిన అందరికీ కృతజ్ఞతలు

వాలిన కనురెప్పకు ఆపరేషన్ చేయించుకుని, 'బాగానే ఉంది కదా, మళ్లీ ఎందుకు' అనుకోకుండా మూడో నెలలో వచ్చి కొలతలు ఇచ్చి, ఫొటోలు తీయించుకున్న పెద్దలందరికీ మా నమస్కారాలు. రెప్పల కొలతలు తీసేవాళ్లం, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా జాగ్రత్తలు చెప్పేవాళ్లం కలిసి రాస్తున్నాం. ఈ ఆపరేషన్ ఫలితం టేబుల్ మీద తేలేది కాదు. వాపు చాలావరకు రెండు వారాల్లో దిగుతుంది గానీ రెప్ప తన చోట కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మీరు తిరిగి రావడం వల్లే కొత్తగా వచ్చేవారికి ఏం ఆశించవచ్చో నమ్మకంగా చెప్పగలుగుతున్నాం.

చూసే లెక్క ఇదీ. కంట్లోకి టార్చి వేస్తే కంటిపాప మధ్యలో మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా మామూలుగా 4–5 మి.మీ. ఉంటుంది. వాలిన కంట్లో అది 2, 1, ఒక్కోసారి సున్నా. ఆపరేషన్ తర్వాత పాప తెరిపిన పడి, రెండు కళ్ల తేడా 1 మి.మీ. లోపు ఉండి, రెప్ప వంపు సాఫీగా ఉండి, నిద్రలో కన్ను మూసుకుంటే మంచి ఫలితమే. రెండు రెప్పలూ అచ్చు గుద్దినట్టు ఉంటాయని మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేం.

పెళ్లి ఫొటోలు, పాత గుర్తింపు కార్డులు వెతికి తెచ్చినవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. ముప్పై ఏళ్ల కిందటి ఫొటోలోనూ రెప్ప వాలి ఉంటే దారి వేరు, నాలుగైదేళ్లుగా మెల్లగా దిగితే వేరు. పూటకోలా, రోజుకోలా మారుతుంటే మయస్తీనియా (నరాల సంకేతం సరిగా అందక కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) ఉందేమో చూడాలి. అది ఉంటే చల్లదనానికి రెప్ప కాసేపు లేస్తుంది. అందుకే రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ పెట్టి చూసేది. ఉన్నట్టుండి రెప్ప వాలి, పాప పెద్దదై, తలనొప్పి గానీ ఒకటి రెండుగా కనపడటం గానీ ఉంటే రెప్ప ఆపరేషన్ ఊసే వద్దు, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది రెప్పను లేపే కండరం తాలూకు పట్టీ సాగిపోవడం. వయసు, ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు, కంటి ఆపరేషన్లు దీనికి కారణాలు. కండరం బలంగానే ఉంటుంది. కనుబొమ్మను బొటనవేలితో నొక్కిపట్టి, కిందికి చూసి పైకి చూడమంటే రెప్ప అంచు 10 మి.మీ. పైనే కదులుతుంది. అలాంటప్పుడు ఆ పట్టీని ముందుకు లాగి కుడితే సరిపోతుంది. కదలిక 4 మి.మీ. లోపుంటే రెప్పను నుదుటి కండరానికి తగిలించాల్సి వస్తుంది, అప్పుడు కన్ను పూర్తిగా మూతపడటం కష్టం.

మత్తు రెప్పకే ఇస్తారు కాబట్టి మీ సాయం లేనిదే ఈ ఆపరేషన్ జరగదు. ముడి సగం బిగించి, లేచి కూర్చోబెట్టి, 'ఎదురుగా చూడండి, ఇప్పుడు కిందికి' అన్నప్పుడు మంచి లైటు కింద కూడా నుదురు చిట్లించకుండా చూశారే, ఆ కాసేపటి ఓపికే రెప్ప ఎత్తును సరిచేస్తుంది. ఇంజెక్షన్‌లోని అడ్రినలిన్ రెప్పను కొంచెం లేపుతుంది, మత్తుమందు కండరాన్ని కొంచెం వదులు చేస్తుంది. ఆ రెండింటి మధ్య సర్జన్ అంచనా కట్టాలి. ఒక రెప్ప లేచాక రెండోది దిగడమూ ఉంది. మెదడు రెండు రెప్పలకూ ఒకే ఆజ్ఞ పంపుతుంది, అవసరం తగ్గగానే రెండో వైపు జోరూ తగ్గుతుంది. దీన్ని ముందే విని, కంగారుపడకుండా ఆగినవారికి ఎంతో రుణపడి ఉన్నాం.

ఎక్కువగా ఎదురయ్యేది రెప్ప అనుకున్నంత లేవకపోవడం. సుమారు పదిమందిలో ఒకరికి, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువమందికే, మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. మరీ లేస్తే కన్ను మూతపడక మంట, నల్లగుడ్డు ఎండిపోవడం. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ అందుకే. మొదటి వారంలోనే చెబితే కొందరికి కుట్టు వదులు చేసి దించవచ్చు. కన్ను మూసినప్పుడు గుడ్డు పైకి తిరగనివారికి నల్లగుడ్డు ఎండిపోయే ముప్పు ఎక్కువ కాబట్టి సర్జన్ కావాలనే తక్కువ లేపుతారు. 'ఇంకొంచెం లేపితే బాగుండేది కదా' అని అడిగి, కారణం తెలిశాక ఒప్పుకున్నవారి పెద్దమనసును మరిచిపోలేం.

ఇంటివాళ్లకు కూడా చేతులెత్తి దండం. మొదటి రెండు రోజులు శుభ్రమైన గుడ్డలో ఐస్ చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టింది, తల కింద రెండు దిండ్లు సర్దింది మీరే. రక్తం పలచబడే మాత్రలను సొంతంగా ఆపకుండా గుండె డాక్టరు చీటీ తెచ్చిందీ మీరే. తీవ్రమైన నొప్పి, కన్ను గట్టిపడి ముందుకు ఉబకడం, చూపు మసకబారడం కంటి వెనక రక్తం చేరుతోందనడానికి గుర్తులు. అరుదే గానీ అర్ధరాత్రయినా ఫోన్ చేయాల్సిన సంగతి, మొహమాటం వద్దు.

మూడో నెల చెకప్ ఇంకా మిగిలినవారు కాటుక పెట్టుకోకుండా, పాత కళ్లజోడు వెంట తెచ్చుకుని రండి. కంటి మీద రెప్ప ఒత్తిడి మారితే సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపులోని తేడాను సరిచేసే అద్దాల నంబరు) కూడా మారవచ్చు. కొత్త అద్దాలు ఆ చెకప్ అయ్యాకే చేయించుకోండి.