బిగించేస్తే అయిపోయే గూడు కాదది

సంపాదకులకు నమస్కారం.

పెరట్లో నాటుకోళ్లు పెంచుకోవడం గురించి మొన్న మీ ఆదివారం పేజీలో రాసింది చదివాను. మేత గురించీ కొక్కెర తెగులు టీకాల గురించీ బాగానే చెప్పారు గానీ, గూడు సంగతికొచ్చేసరికి రెడీమేడ్‌ది తెప్పించుకుని బిగించుకోండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ బిగించడం మేం చేసి చూశాం కాబట్టి ఈ ఉత్తరం.

మాది చంద్రగిరి దగ్గర, ఇంటి వెనక రెండు పొలాలు దాటితే కొండే. 2023లో ఐదు పెట్టలకని ఆన్‌లైన్‌లో చెక్క గూడు తెప్పించాం. అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చింది, గంటన్నరలో మా ఆయన నిలబెట్టేశాడు. ఆరు కోళ్లకు సరిపోతుందని రాసి ఉంది. లోపలి గది కొలిస్తే నాలుగడుగులకు రెండడుగులు, కోడికి రెండు చదరపు అడుగులు చొప్పున వేసుకున్నా నాలుగింటికే సరి. మా అత్త చుట్టూ తిరిగి చూసి, "మా ఊళ్లో అరుగు కిందే గూడు, రాత్రికి బండ అడ్డం పెట్టి రాయి ఆనించేవాళ్లం, దీని తలుపు అగ్గిపెట్టె మూత మాదిరుంది కదమ్మీ" అంది. నవ్వేసి ఊరుకున్నాం.

మూడో వారంలో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే రెండు పెట్టలు లేవు, ఇంకొకటి మెడ కొరికేసి పడి ఉంది. చుట్టూ ఉన్న తేనెపట్టు గళ్ల జాలి ఒక మూల ఊడి వేలాడుతోంది. ఆ జాలిని చెక్కకు స్టేపుల్ పిన్నులతో కొట్టారంతే, గట్టిగా లాగితే నా చేతికే వచ్చేసింది. వచ్చింది పునుగు పిల్లే అని పక్కింటాయన బురదలో అడుగులు చూసి చెప్పాడు. తిరుమల స్వామివారికి తైలం ఇచ్చే జంతువే మా కోళ్లను పట్టుకుపోయిందంటే ఎవరిని తిట్టేది! పైగా ఉచ్చులు పెట్టడం, మందు పెట్టడం చట్టం ఒప్పుకోదు, నాకూ మనసొప్పదు. గూటినే గట్టి చేసుకోవాలి.

ఆ గళ్ల జాలి కోళ్లు బయటికి పోకుండా ఆపేది, బయటివి లోపలికి రాకుండా ఆపేది కాదు. ముంగిస, పందికొక్కు, జెర్రిపోతు, వీటన్నిటికీ అది తలుపు తెరిచినట్టే. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ తెచ్చి, పిన్నులు కాకుండా వాషర్లు వేసి స్క్రూలు బిగించాం. తవ్వే జంతువు ఎక్కువగా గోడ మొదట్లోనే తవ్వుతుంది, అందుకని అదే జాలిని గూడు చుట్టూ బయటివైపు అడుగు వెడల్పున నేల మీద పరిచి, పైన కడప బండ ముక్కలు పేర్చాం. తలుపుకున్న చెక్క బిళ్ల తీసేసి పైనొకటి కిందొకటి ఇనుప గడియలు పెట్టించాం. ఆరు వేల గూటికి ఇంకో రెండున్నర వేలు పట్టింది, వడ్రంగి కూలి కాక.

ఇక వాన. మా వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ ఎక్కువగా ఈశాన్యం నుంచి జల్లు కొడుతూ. మనింటికైతే ఈశాన్యం వైపు తలుపుంటే మంచిదంటారు, కోళ్లకు మాత్రం అటు వీపు తిప్పి పెట్టండి. ఆ ఏడు డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు కప్పు మీద అంటించిన నల్లషీటు అంచు లేచిపోయింది, స్క్రూ కన్నాల్లోంచి నీళ్లు దిగి చెక్క ఉబ్బి తలుపు పట్టేసింది. ఇద్దరం ఎత్తితే లేచే బరువు కాబట్టి గాలికి ఎక్కడ పల్టీ కొడుతుందోనని అదొక టెన్షన్. తర్వాత నాలుగు మూలలా ఇనుప గూటాలు దిగ్గొట్టి కమ్మీతో కట్టాం, రెండు వరుసల ఇటుకల మీదికి ఎత్తాం, పైన అరడుగు బయటికొచ్చేలా రేకు వేసి రబ్బరు వాషరున్న స్క్రూలు వాడాం. చెక్కకు ఎనామిల్ పెయింట్ రెండు కోటింగులు వేశాం, అడుగు పలకకి, కోసిన అంచులకి కూడా, ఎందుకంటే నీళ్లు పీల్చేది ముందుగా అవే.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. తడవకూడదని గూడు మొత్తం టార్పాలిన్‌తో చుట్టేశాను. మూడో రోజు తలుపు తీస్తే రెట్టల ఘాటుకు నాకే కళ్లు మండాయి, కోళ్లు తుమ్ముతున్నాయి. ఆ అమోనియా వాసన వాటి ఊపిరికి వానకన్నా చేటు. ఇప్పుడు కప్పు కింద జానెడు ఖాళీ వదిలి అక్కడ జాలి వేశాం, టార్పాలిన్ జల్లు కొట్టే వైపు మాత్రమే, దాన్నీ వాన తగ్గగానే చుట్టి పక్కన పెట్టేస్తాం. కింద చెనక్కాయ పొట్టు మూడంగుళాలు పరుస్తాం, తడిసిందంటే బూజు పట్టకముందే తీసిపారేయాలి. మే నెలలో ఇదే రేకు పెనంలా కాలుతుంది. పైన సున్నం కొట్టి కొబ్బరి మట్టలు కప్పితే కోళ్లు నోరు తెరుచుకుని రొప్పడం తగ్గింది.

అమ్మేవాళ్లు ఎన్ని కోళ్లు పడతాయో పెద్ద అక్షరాల్లో వేస్తారు, జాలి కన్ను ఎంతో, తీగ మందమెంతో ఎక్కడా చెప్పరు. కొనేవాళ్లు డబ్బు కట్టకముందే అడగండి. మీరు కూడా ఈసారి గూడు బొమ్మ వేస్తే కింద నేల మీద పరిచిన జాలితో సహా వేయించండి, ఆదివారం పేజీలో ఆ మాత్రం చోటు ఉంటుంది కదా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, చంద్రగిరి