శిబిరంలో 360 డిగ్రీల కెమెరా పెడితే అనుమతి ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

యుద్ధాన్ని, శరణార్థుల బతుకును వర్చువల్ రియాలిటీలో, అంటే ప్రేక్షకుడు అక్కడే ఉన్నట్టు అనిపించేలా చూపే వార్తా కథనాల గురించి జరిగే చర్చంతా హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రేక్షకుడి అనుభూతి చుట్టూనే తిరుగుతోంది. వాటిని తీసే, చుట్టూ ఉన్నదంతా ఒకేసారి బంధించే 360 డిగ్రీల కెమెరాకు చిక్కిన మనుషుల భద్రత మాట మాత్రం అరుదుగానే వినిపిస్తోంది.

ఈ ప్రక్రియ విలువను నేను కాదనడం లేదు. జోర్డాన్‌లోని జాతారీ శిబిరంలో ఉంటున్న పన్నెండేళ్ల సిరియా బాలిక దినచర్యపై ఐక్యరాజ్యసమితి తీయించిన చిత్రాన్ని 2015లో దావోస్ సమావేశానికి వచ్చినవారికి చూపించారు. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ టైమ్స్ తన చందాదారులకు పది లక్షలకు పైగా ఫోను పెట్టుకుని చూసే అట్ట వ్యూయర్లు పంపి, యుద్ధాల వల్ల ఇల్లు వదిలిన ముగ్గురు పిల్లల కథను వారి కళ్ల ముందుంచింది. శిబిరంలోని తరగతి గదిలో పిల్లల మధ్యే కూర్చున్నట్టు అనిపించడం చిన్న విషయం కాదు.

అయితే మామూలు కెమెరా ముందు, ఇష్టం లేని మనిషి నాలుగడుగులు పక్కకు జరిగితే సరిపోతుంది. 360 డిగ్రీల కెమెరాకు పక్క అంటూ ఉండదు. నీళ్ల కుళాయి దగ్గర దాన్ని స్టాండు మీద నిలబెట్టి, తాము దృశ్యంలో పడకూడదని చిత్రీకరణ బృందం చాటుకు వెళ్లిపోతే, ఇదేమిటని అడగడానికి కూడా అక్కడ ఎవరూ మిగలరు. కథలోని ప్రధాన వ్యక్తి అనుమతి ఇచ్చే ఉంటారు. కానీ ఆ వెనక నీళ్లు పట్టుకుంటున్న మహిళను, ఆమె తర్వాత వరుసలో నిలుచున్న యువకుడిని ఎవరు అడిగారు? ప్రేక్షకుడు తల తిప్పి ఆ యువకుడినే తేరిపార చూడవచ్చు, ఆ ప్రేక్షకుడు ఎవరైనా కావచ్చు. తల్లిదండ్రులను స్వదేశంలోనే వదిలి, సాయుధ ముఠాల నుంచి తప్పించుకుని వచ్చినవాడికి ముఖం బయటపడటమంటే తన ప్రాణంతో పాటు వారి ప్రాణాల మీదికి కూడా తెచ్చుకోవడమే.

సిరియాలోని అలెప్పో నగర వీధిలోని పేలుడును అక్కడ రికార్డయిన శబ్దాల ఆధారంగా కంప్యూటర్ బొమ్మలతో 2014లో పాత్రికేయురాలు నానీ డి లా పెన్యా పునఃసృష్టించిన పద్ధతిలో ఈ ప్రమాదం చాలా తక్కువ. అందులో ఏది వాస్తవంగా రికార్డయిందో, ఏది కల్పించారో ముందే చెబితే చాలు.

శిబిరంలో నేరుగా చిత్రీకరించేవారు మాత్రం ఎక్కడ, ఎప్పుడు కెమెరా పెడతారో అక్కడివారి భాషలో ముందుగా తెలియజేయాలి. అనుమతి దొరకని ముఖాలను, దృశ్యం అందం కొంత చెడినా సరే, మసకబార్చాలి. మీ పత్రిక ఇలాంటి కథనం చేపట్టినా, ఇతరులు తీసినదాన్ని మీ వెబ్‌సైట్‌లో ఉంచినా, చుట్టూ కనిపించేవారి అనుమతి ఎలా తీసుకున్నారో చిత్రం మొదట్లోనే తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు