కవి దినం నాడు కవిత వినపడాలె

హనుమకొండ
ఆగస్టు 20

బిడ్డా,

సెప్టెంబర్ 9, కవి కాళోజి పుట్టిన దినం నాటి భాషా దినోత్సవ కార్యక్రమం మీ బడిల నీ మీద పెట్టిండ్రని రాసినవు. కొత్తగ చేరిన టీచర్‌కు ఇంతకన్న మంచి పని దొరకది. ఎట్ల నడపాలె అని అడిగినవు గనుక తెలిసినంత వివరంగ రాస్తున్న.

ముందుగాల ఒక్క మాట. ఆ దినం కాళోజి గురించి చెప్పే మాటల కన్న కాళోజి చెప్పిన మాటలు ఎక్కువ వినపడాలె, అదీ పిల్లల నోట. ఎక్కడన్న కవి జయంతి సభకు పోయినప్పుడు గడియారం చూడు. దీపం, దండలు, వేదిక మీదికి పిలుపులు, శాలువలు, ఆ తర్వాత "మహాకవి", "ప్రజాకవి" అని ఉపన్యాసాలు. ఆఖరుకు బెల్లు కొట్టే యాళ్లకు ఇద్దరు పిల్లలు ఉరికొచ్చి రెండు కవితలు గబగబ అప్పజెప్పి పోతరు. పిల్లలు ఇంటికి పోయేటప్పుడు ఒక్క పాదం కూడ యాది ఉండది. కవి గొప్పోడని మాత్రం తెలుస్తది, ఎందుకు గొప్పోడో తెల్వది.

నీకు 45 నిమిషాలు ఉన్నయన్నవు. ఇట్ల పంచుకో. ఫోటోకు పూలు పెట్టుడు 3 నిమిషాలు. కాళోజి ఎవరో ఒక పదో తరగతి పిల్ల చెప్పుడు 3 నిమిషాలు. పదిమంది పిల్లలు తలా రెండు నిమిషాల లెక్కన 20. అందరు కలిసి చదివే ద్విపద, అంటే రెండేసి పాదాల పద్యం, 4. పిల్లలు సొంతంగ రాసినవి 5. అతిథికి 5. అన్ని కలిపితే 40 అయితయి. మిగిలిన 5 నిమిషాలు ఏడికి పోయినయనుకుంటున్నవు? ఒక పిల్ల దిగి ఇంకొక పిల్ల ఎక్కి మైకు సదురుకునే దాంట్ల అర నిమిషం పోతది. పదిమందికి ఐదు నిమిషాలు. ఇది లెక్కల వేసుకోకనే అన్ని సభలు ఆలస్యమైతయి. చదివే పిల్లలను వరుస ప్రకారం వేదిక పక్కన బెంచీ మీద ముందే కూసోబెట్టు. ఒకరు లేస్తే మిగిలినోళ్లు ఒక్క జాగ ముందుకు జరగాలె.

అతిథి ఒక్కరే చాలు. పిలిచేటప్పుడే చీటీ మీద రాసి ఇయ్యి: "మీకు నచ్చిన ఒక కవిత చదివి, అది ఎందుకు నచ్చిందో చెప్పండి, ఐదు నిమిషాలు." స్టేజీ మీదికి వచ్చినంక చీటీ పంపితే పెద్దమనుషులకు నామోషి అయితది. శాలువ ఆఖరుకు కప్పండి, మొదలే కప్పితే పిల్లల సమయం దాంట్లనే కరిగిపోతది.

ఫ్లెక్సీ మీద ఎన్నో జయంతి అని అంకె వేసే జోలికి పోకు. పుట్టిన దినాన్ని కలిపి లెక్కేసేటోళ్లు ఒకటి చెప్తరు, కలపనోళ్లు ఇంకొకటి చెప్తరు, సభల అదొక వాదం అయితది. "కాళోజి నారాయణరావు, 1914–2002, తెలంగాణ భాషా దినోత్సవం" అని రాస్తె సరిపోతది. పరిచయం చెప్పే పిల్లకు నాలుగు సంగతులే ఇయ్యి: 1914 సెప్టెంబర్ 9న ఇప్పటి కర్ణాటకల ఉన్న రట్టిహళ్లిల పుట్టిండు, మన మడికొండల పెరిగిండు, 1992ల పద్మవిభూషణ్ వచ్చింది, ఆయన కవితల పుస్తకం పేరు "నా గొడవ". ఆ పేరు కాడ పిల్ల జర ఆగాలె. మన దిక్కు గొడవ అంటే ఉత్త కొట్లాట కాదు. మనసును పట్టి పీడించే సంగతి, విడిచిపెట్టని బాధ, ఎవరికన్న చెప్పుకోవాలనిపించే ముచ్చట, అన్నీ ఆ మాటలనే ఉన్నయి. అది అర్థమైతే పుస్తకం సగం అర్థమైనట్టే.

ఇగ కవితలు ఎంచుడు. ఒక్కొక్కటి 12 నుంచి 16 పాదాలు దాటొద్దు. ప్రతి పిల్ల ముందు మూడు కవితలు పెట్టి ఒకటి తీసుకోమను. తను ఏరుకున్నదైతే మనసు పెట్టి నేర్చుకుంటది. వాట్సాప్‌ల తిరిగే వాటిని నమ్మకు. మాటలు మారిపోతయి, పాదాలు విరిగిపోతయి, ఒకరి కవిత కింద ఇంకొకరి పేరు ఉంటది. అచ్చు పుస్తకం ముందర పెట్టుకొని పిల్లతోనే కాగితం మీద రాపియ్యి. చేత్తో రాసేటప్పుడే సగం నోటికి వస్తది.

29న గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆనాడే కాగితాలు పంచు. 9కి పదకొండు దినాలు ఉంటయి, నడుమ 5న ఉపాధ్యాయ దినోత్సవం పనిల రెండు దినాలు పోతయి. మొదటి రెండు దినాలు కంఠస్థం మాట ఎత్తొద్దు. కాగితం చూసి పైకి చదివిపియ్యి, ఊపిరి తీసే జాగల పెన్సిల్‌తో గీత పెట్టిపియ్యి. ఆ తర్వాత వరండా ఆ కొసకు నువ్వు నిలబడి, ఈ కొస నుంచి చదవమను. మాట కొసలు నీకు వినపడుతున్నయా చూడు. పిల్లలు పాదం మొదట గట్టిగ మొదలువెట్టి ఆఖరు మాట మింగుతరు. వచన కవితల అసలు దెబ్బ ఆఖరు మాట మీదనే ఉంటది గనుక, అది మింగితే కవితే పోతది.

మర్చిపోయేది ఎక్కడో తెలుసా? పాదం నడుమ కాదు. ఒక ఖండిక అయిపోయి ఇంకొకటి మొదలయ్యే అతుకు కాడ. అందుకే అతుకులనే వేరే సాధన చేపియ్యాలె: మొదటి ఖండిక ఆఖరు పాదం, రెండో దాని మొదటి పాదం, ఈ రెండే పదిసార్లు. అందించేటందుకు ఒక పిల్లను కాగితంతో పక్కన కూసోబెట్టు. ఆగినప్పుడు మొదటి మాట ఒక్కటే అందియ్యాలె. పాదం మొత్తం అందిస్తే చదివే పిల్ల బెదిరి ఇంకింత మర్చిపోతది.

పద్యం చదివేటోళ్లతోని ఇంకొక తిప్పలు ఉంటది. పోతన "పలికెడిది భాగవతమట" పద్యం ఒకరికి ఇచ్చినవన్నవు. కందం అది. మొదటి, మూడో పాదాలు మూడేసి గణాలు (అక్షరాల గుంపులు), అంటే 12 మాత్రలు (పలికే కాలపు కొలతలు). రెండు, నాలుగు పాదాలు ఐదేసి గణాలు, 20 మాత్రలు. పుస్తకంల రెండో పాదం "రామభద్రుండట నే" అని అయిపోతది, మూడోది "బలికిన" అని మొదలైతది. పిల్ల పాదం కొసకు ఊపిరి తీస్తే "నే" ఒక దిక్కు, "బలికిన" ఇంకొక దిక్కు పడి అర్థం తెగిపోతది. "రామభద్రుండట" కాడ ఊపిరి తీసి, "నే బలికిన భవహరమగునట" ఒక్క ఊపుల చదవాలె. పాదం వేరు, వాక్యం వేరు అని ఈ ఒక్క పద్యంతోని పిల్లలందరికి చెప్పొచ్చు. కలిసి చదివేటందుకు పాల్కురికి సోమన ద్విపద పెట్టు. పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. గణానికి ఒక చప్పట్ తోని ఆరో తరగతి పిల్లలు కూడ పట్టుకుంటరు. పోతన ఊరు బమ్మెర, సోమన ఊరు పాలకుర్తి, రెండూ ఒకే మండలంల ఉన్నయని చెప్పు. మ్యాపు గోడకు పెట్టి చూపియ్యి.

కాళోజి కవితలు చదివేటప్పుడు రెండు రకాల తప్పులు జరుగుతయి. ఒకటి, పిల్లలు ఆయన మాటలను బడి పుస్తకం భాషలకు "దిద్దుతరు". "గావాలె"ను "కావాలి" అంటరు. రెండోది ఇంకింత చెడ్డది. తెలంగాణ మాట రాంగనే గొంతు మార్చి, సినిమాల నవ్వించే పాత్ర లెక్క సాగదీస్తరు, కింద కూసున్నోళ్లు నవ్వుతరు. మొదటి దినమే చెప్పు: ఇది మీ అమ్మమ్మ మాట్లాడే భాష, ఆమె కోపంగ ఉన్నప్పుడు ఎట్ల మాట్లాడుతదో, ఏడ్చేటప్పుడు ఎట్ల మాట్లాడుతదో యాది చేసుకొని గట్లనే చదవండి. పోటీ పెట్టి ఫస్టు సెకండు ఇయ్యకు. గెలిచిన పిల్ల ఊగుడు, చేతులు తిప్పుడు చూసి వచ్చే ఏడు అందరు గదే పడ్తరు.

మైకు సంగతి. పిల్లల ఎత్తుకు గడ్డం కిందికి దించి, నోటికి జానెడు దూరంల, కొంచెం పక్కకు పెట్టు. ఎదురుగ పెడితే ప, ఫ, భ అన్నప్పుడు గాలి తగిలి టప్పున కొడ్తది. సౌండు బాక్సు మైకు వెనుక ఉంటే కూత పెడ్తది, బాక్సు ఎప్పుడు మైకుకు ముందర, పిల్లల దిక్కు తిరిగి ఉండాలె. సెప్టెంబర్‌ల వాన నమ్మేటట్టు ఉండది, కరెంటు అంతకన్న నమ్మేటట్టు ఉండది. మీ బడికి రేకుల కప్పు గనుక వాన పడితే ఎంత అరిచినా వినపడది. అప్పుడు సభ ఆపకు. చదివే పదిమందిని ఐదు తరగతులకు ఇద్దరిద్దరి లెక్కన పంపు, ఎనిమిది నిమిషాలకు ఒకసారి గదులు మారమను. ఇది 8వ తారీఖునే ఒకసారి నడిపి చూసుకోండి.

సొంతంగ రాయమన్నప్పుడు "మాతృభాష గురించి రాయండి" అనకు. తేనె, అమృతం, వెన్నెల అని అందరు ఒకటే రాసుకొస్తరు. అట్ల కాకుండ, ఇంట్ల ముసలోళ్ల నోట వినే పది మాటలు రాసుకొని రమ్మను. మొగులు, దూప, చెలక, కైకిలి, సోపతి, ఇట్లాంటివి. దాంట్ల ఒక్క మాట తీసుకొని, అది ఎవరు అన్నరు, ఏ పని చేసుకుంట అన్నరు, అప్పుడు చేతుల ఏమున్నది అని అడుగు. ఐదారు పాదాలల్ల జవాబు రాస్తే కవితకు మొదలు దొరికినట్టే. ప్రాస కోసం పట్టుపట్టొద్దు. నువ్వు దిద్దేది ఒత్తులు, దీర్ఘాలు మాత్రమే. మాట మార్చొద్దు.

నువ్వు రాసిన ఆ ఎనిమిదో తరగతి లంబాడి పిల్ల, క్లాసుల నోరు తెరవదన్న పిల్ల, ఆమెకు ఈ పనే ఇయ్యి. ఆమె ఇంటి భాష గోర్ బోలిల మొదట నాలుగు పాదాలు, తర్వాత వాటి తెలుగు. ఇంటి భాష తక్కువది కాదన్నందుకే కాళోజి పుట్టిన దినం భాషా దినం అయింది. ఆ పిల్ల భాషకు ఆనాడు జాగ లేకపోతే ఇగ ఎప్పుడుంటది? స్కాట్లాండ్‌ల జనవరి 25న రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు చేస్తరు. ఆయన కూడ తన జనం మాట్లాడే స్కాట్స్‌ల రాసిండు. ఆ రాత్రి భోజనంల హాగిస్ అనే వంటకం తెచ్చి బల్ల మీద పెట్టినంక, దాని మీద ఆయన రాసిన కవిత నిలబడి చదువుతరు, చదువుకుంటనే ఆ వంటకాన్ని కత్తి పెట్టి కోస్తరు. కవిత తిండి ముందటికి వచ్చింది గనుకనే రెండు వందల ఏండ్లు దాటినా అది జనం నోట ఉన్నది. మీ బడిల కూడ మధ్యాహ్నం బువ్వ వరుసల నిలబడ్డప్పుడు పొద్దుగాల చదివిన ద్విపద ఒకసారి అందుకోమను.

ఏడాదిల ఇంకా చాలా దినాలున్నయి, అన్నీ నెత్తికెత్తుకోకు. దాశరథి జులై 22, సినారె జులై 29. రెండు వారం లోపలే వస్తయి గనుక ఒక్క సభల కలిపితే సరి. నిజామాబాద్ జైలుల పండ్లు తోముకునే బొగ్గుతోని దాశరథి గోడ మీద కవిత్వం రాసిండు గదా, నల్లబల్ల పక్కన గోడకు పెద్ద కాగితం అతికిచ్చి బొగ్గుతోని రాయమను, పిల్లలకు జన్మల మర్చిపోయేది కాదు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినం ఇంటి భాషలకు ఉంచు. మార్చి 21 ప్రపంచ కవితా దినం, యునెస్కో 1999ల పెట్టింది. కాని అప్పటికి మనకు ఒంటిపూట బడులు, పదో తరగతికి పరీక్షల కాలం. చెట్టు కింద ఇరవై నిమిషాలు, ఐదు కవితలు, మైకు వద్దు. మనకు అసలు కవిత్వపు పండుగ ఉగాదే, పచ్చడి పక్కన కవి సమ్మేళనం మన పాత అలవాటు.

"నా గొడవ" అచ్చు పుస్తకం, చందస్సు నోటుబుక్కు శనివారం బస్సుల పంపుతున్న, డ్రైవర్ కాడ తీసుకో. పుస్తకంల పసుపు చీటీలు పెట్టిన కాడ పన్నెండు పాదాల లోపు కవితలు ఉన్నయి. తొమ్మిదో తారీఖు రాత్రి ఫోన్ చెయ్యి. ఆ లంబాడి పిల్ల ఏ పాదం కాడ ఆగిందో, మల్ల ఎట్ల అందుకున్నదో చెప్పు.

మీ అమ్మ