తొమ్మిదో గుడ్డు

కొరిటెపాడు, గుంటూరు
ఆదివారం, పొద్దున్నే

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాలు పర్లేదు, పాప పదో తరగతి గట్టెక్కింది, ఎండలు నీకు తెలిసినవే. ఇక అసలు సంగతి.

మా ఎర్ర పెట్ట పొదుగుకొచ్చింది. అమ్మ గంపలో వరిగడ్డి పరిచి 11 గుడ్లు పొదగేసింది. బేసి లెక్కే ఉండాలని పట్టు. ఏడో రోజు రాత్రి ఒక్కోటీ టార్చి మీద పెట్టి చూశాం. తొమ్మిదింట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకున్నాయి. రెండింట్లో ఏమీ లేదు, తీసేశాం.

21వ రోజుకి ఎనిమిది బయటపడ్డాయి. మర్నాడు సాయంత్రం తల్లి వాటిని వేసుకుని దొడ్లోకి దిగిపోయింది. తొమ్మిదోది గంపలోనే ఉండిపోయింది. పెంకుకి చిన్న బెజ్జం, లోపల కిచకిచ. చల్లబడిపోతోంది. నా చేతులు ఊరుకుంటాయా, ఒలవబోయాను. "లోపల నెత్తురింకా ఇంకలేదు, చంపుతావు!" అని అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది.

పోనీ బల్బు వేడి పెడదామంటే ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీలే. అటక మీద దొరికింది రా, మన ఇంటర్ నాటి టేబుల్ లైటు. అవును, ఆ లుంగీ లైటే! 60 వాట్ల బల్బు ఇంకా వెలుగుతోంది. అట్టపెట్టెలో గుడ్డు, పక్కన గిన్నెలో నీళ్లు. తేమ లేకపోతే పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది. గుడ్డుని బనీను లోపల పొట్టకి ఆనించుకుని కుర్చీలో కూర్చున్నా. దానికి కావలసింది 37.5 డిగ్రీలు, మన ఒళ్లూ దాదాపు అంతేగా. నీ చెల్లెలు లేచి చూసింది. ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది. అనుంటే బాగుండేది.

నాలుగింటికి కదిలింది రా, పొట్ట మీద! నవ్వకు. కళ్లల్లో నీళ్లు... సరే వదిలెయ్. తెల్లారేసరికి తడి దూదిముద్దలా వచ్చిపడింది. కడుపులో పచ్చసొన ఉంటుంది, ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా పర్లేదు. పగలయితే తల్లి పొడుస్తుందేమోనని ఆ రాత్రి చీకట్లో రెక్క కిందకి తోశాను. పొద్దున చూస్తే తొమ్మిదీ నూకలు ఏరుతున్నాయి!

అందరికంటే ఆలస్యంగా వచ్చింది కదా, నీ పేరే పెట్టాం. పుంజో పెట్టో ఇంకా తెలియదు. పెట్టయితే మాత్రం...

ఆటో వచ్చేసింది. ఈ ఉత్తరం, గోంగూర సీసా బావమరిదితో పంపుతున్నా. సీసా నిలువుగా పట్టుకోమని చెప్పాను, అయినా వాడి సంగతి నీకు తెలుసుగా

నీ
బక్కోడు