డైట్ కాగితంలో క్రాన్‌బెర్రీ, మా పెరట్లో పనస

సంపాదకుల వారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నాకు 54 ఏళ్లు. ఎకరంన్నర కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను సగం చెట్లు పడగొట్టింది, మిగిలిన సగంతో నెట్టుకొస్తున్నాను. కిడ్నీలు పాడై నాలుగేళ్లుగా వారానికి మూడు రోజులు డయాలసిస్, అంటే మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడం.

మీ పత్రికలో మా ఉద్దానం ప్రాంతం పేరు కనబడితే చదవకుండా వదలను. ఇక్కడి కిడ్నీ జబ్బు నీళ్ల వల్లా, పురుగుమందుల వల్లా, ఎండలో పని వల్లా అని ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. కారణం తేలాల్సిందే, కాదనను. కానీ జబ్బు వచ్చేసినవాడు రేపు పొద్దున్న ఏం తినాలో ఎవరూ రాయరు. మా ఊళ్లో క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె) అన్న మాట తెలియని పిల్లాడు లేడు. టీకొట్టు దగ్గర "ఏటి మావా, నీదెంతొచ్చింది?" అని, కొబ్బరికాయలు ఎన్ని దిగాయని అడిగినంత మామూలుగా అడుగుతారు. అంకె అందరికీ తెలుసు. ఆ అంకెతో బతకడమే ఎవరికీ తెలియదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. పింఛను వస్తోంది, డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అయితే మిషను మీద నేనుండేది వారానికి 12 గంటలు. మిగతా 156 గంటలు ఇంట్లో, నా నోరు నా చేతిలో.

మొదటి రోజు ఒక సెంటర్లో చేతిలో ఒక కాగితం పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. మా అబ్బాయి చదివి చెప్పాడు: క్రాన్‌బెర్రీ తినవచ్చట. అది చెట్టుకు కాస్తుందో తీగకు కాస్తుందో నాకు తెలియదు. మా పెరట్లో ఉన్న పనస గురించి, ఎండుచేప గురించి, చింతపండు పులుసు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఉప్పు తగ్గించమన్నారు కదా అని మా అబ్బాయి టౌన్లో 'సోడియం తక్కువ' అని రాసి ఉన్న ఉప్పు ప్యాకెట్టు తెచ్చాడు. బాగానే ఉందని నెల రోజులు వాడాం. తర్వాత రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగిపోయింది. డాక్టరుగారు ప్యాకెట్టు తెప్పించుకుని చూసి తల పట్టుకున్నారు. అలాంటి ఉప్పులో సోడియం తీసిన చోట పొటాషియం కలుపుతారట. మాలాంటి వాళ్లకి పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అంత డబ్బు పెట్టి కొన్నది విషమైంది. మామూలు ఉప్పే చిటికెడు వేసుకుంటే పోయేది.

కొబ్బరినీళ్లూ అంతే, వాటిలోనూ పొటాషియమే. చిన్నప్పటి నుంచి జ్వరమొస్తే బొండాం, ఎండలోంచి వస్తే బొండాం. ఇప్పుడు చెట్టు నాది, కత్తి నాది, నీళ్లు మాత్రం వచ్చిన చుట్టాలకి. మొదటి వేసవి చాలా కష్టమైంది. దాహానికి ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ లీటరు సీసాలో డాక్టరు చెప్పిన గీత దాకా నీళ్లు పోస్తుంది. నేను టీ తాగితే అంత నీళ్లు సీసాలోంచి పారబోస్తుంది. మజ్జిగైనా చారైనా అదే లెక్క. సాయంత్రానికి సీసా ఖాళీ. "రేపు మిషనుకెళ్తారు కదా, ఇంకో గుక్క తాగితే ఏటౌతాది?" అని తనే జాలిపడుతుంది. ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి పెళ్లిలో మొహమాటానికి తాగి, మర్నాటికి మూడున్నర కిలోలు బరువు పెరిగి వెళ్లాను. ఆ నీరంతా ఒకేసారి లాగుతుంటే పిక్కలు పట్టేసి పక్క బెడ్డు ఆయన లేచి కూర్చునేలా అరిచాను.

కూరముక్కలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. ఇది నాకు మూడో ఏడు తెలిసింది, అదీ పక్క బెడ్డు ఆయన చెబితే. ఎడమచేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) ఉన్నవాళ్లు ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదని కూడా ఆయనే చెప్పాడు. రోజూ నిద్ర లేవగానే దాని మీద వేళ్లు పెట్టి చూస్తాను. డబ్బాలో తుమ్మెదను మూసినట్టు ఝుమ్మంటుంటే ఆ రోజుకి ధైర్యం.

మా షిఫ్టులో ముగ్గురం కలిసి ఒక నోటుబుక్కులో మా తిండి రాసుకున్నాం. గంజి, ములగాకు, అరటిపండు, బెల్లం, ఎండు నెత్తళ్లు, ఏది ఎంత, ఏది వద్దు. డాక్టరుగారికి చూపిస్తే చింతపండు దగ్గర, బెల్లం దగ్గర ఎర్ర ఇంకుతో దిద్దారు. ఇది ప్రతి డయాలసిస్ గదిలోనూ తెలుగులో గోడకి అంటించాలనీ, నెలకి ఒక్కరోజైనా ఆహారం గురించి తెలిసినవాళ్లని పంపి ఇంటి ఆడవాళ్లతో మాట్లాడించాలనీ వైద్యశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వండేది వాళ్లే కదా.

నోటుబుక్కు జిరాక్సు ఈ ఉత్తరంతో పెట్టాను. అక్షరాలు బాగోకపోతే మన్నించండి, సూదులు ఉన్న చెయ్యి కదపకుండా రాసినవి కొన్ని ఉన్నాయి.

— ఒక డయాలసిస్ రోగి, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా